చేలపై శీతలపానీయం

2004లో ఆంధ్రప్రదేశ్‌లో కొందరు రైతులు ప్రత్తి, మిరప చేలపై శీతలపానీయాలు పిచికారీ చేస్తున్నారన్న వార్త విదేశీ పత్రికలకు సైతం ఎక్కింది. పానీయాలకు పురుగును చంపే గుణం లేదని తయారీ సంస్థలు ఖండించాయి. అందులోని చక్కెరకు చీమలు చేరి పురుగులను తినివేస్తాయని కొందరు నిపుణులు వివరించారు. పురుగుమందు కంటె పానీయమే చౌక అన్నది రైతుల లెక్క.

ఆ లెక్కకు ఒక చరిత్ర ఉంది. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాలలో తెల్లదోమ, శనగపచ్చ పురుగు ప్రత్తిపంటను నాశనం చేశాయి. పదేపదే చల్లిన మందులకు పురుగులు అలవాటుపడ్డాయి. పంట పోయి, అప్పు మిగిలి, పలువురు రైతులు ప్రాణాలు తీసుకొన్నారు. వింతవార్త చదివి నవ్వుకొనే ముందు దాని వెనుకనున్న జమాఖర్చులను కూడా చదవాలి.