ముందుగా ఏది వినాలి? కామాటిపుర సంగీతాభిమాని కోరికల చిట్టా

జీవితకాలంలో తప్పక చూడవలసినవి, వినవలసినవి, చేయవలసినవి వరుసగా రాసుకొని, ఒక్కొక్కటి పూర్తయినప్పుడల్లా కొట్టివేసుకొనే పట్టికకు బకెట్ లిస్ట్ అనే పేరు 2007లో వచ్చిన ఒక హాలీవుడ్ చిత్రంతో లోకమంతటా వ్యాపించింది. సంగీతాభిమానులు రాసుకొనే పట్టికలలో సాధారణంగా దూరదేశపు కచేరీ మందిరాలు, పేరు మోసిన గాయకుల వేదికలు, ఏటేటా జరిగే పెద్ద ఉత్సవాలు పైవరుసలో ఉంటాయి. ఇంటి పక్కనున్న పాటను ఎప్పుడైనా వినవచ్చుననే ధీమాతో అది అడుగుకు జారిపోతుంది, చాలాసార్లు పట్టికలోకే రాదు. ముంబయిలోని కామాటిపురలోనూ, వర్లీ, ప్రభాదేవి వంటి కార్మికవాడల చాళ్లలోనూ పెరిగిన తెలుగు సంగీతాభిమాని విషయంలో ఈ వరుస తలకిందులు కావలసి ఉంది. తెలుగు సంగీత చరిత్రలోని కొన్ని ముఖ్యఘట్టాలు కామాటిపురకు నడిచివెళ్లేంత దూరంలోనే జరిగాయి, వాటి ఆనవాళ్లు ఏటికేడు చెరిగిపోతున్నాయి. కనుక దూరాన్ని బట్టో ఖ్యాతిని బట్టో కాక, ఏది ముందుగా కనుమరుగవుతుందో దానిని బట్టి పట్టికను కూర్చుకోవడం మేలు.

చాల్ అంటే పొడవాటి వరండా వెంబడి ఒంటిగది ఇళ్లు బారుగా ఉండి, కుళాయి, మరుగుదొడ్డి అందరికీ ఉమ్మడిగా ఉండే అంతస్తుల కట్టడం. హార్న్‌బీ వెల్లార్డ్ అనే సముద్రపు కట్ట 18వ శతాబ్ది చివర పూర్తయి, బొంబాయి దీవుల నడుమ పల్లపు నేలలు ఆరిన తరువాత, నిజాం రాజ్యపు తెలుగు ప్రాంతాల నుంచి ఇళ్లూ రోడ్లూ కట్టే పనికి వచ్చిన కూలీలు, మేస్త్రీలు ఆ నేలలో స్థిరపడ్డారు. స్థానికులు వారిని కామాఠీలు అన్నారు, వాడకు వారి పేరే నిలిచింది. తరువాతి కాలంలో బట్టల మిల్లులు పెరిగినకొద్దీ కరీంనగర్, నల్లగొండ, వరంగల్ ప్రాంతాల పద్మశాలీలు, ఇతర కులాలవారు వర్లీ, ప్రభాదేవి చాళ్లకు చేరారు. బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అని తెలంగాణ పల్లెలు తమ వలసను మూడు మాటల్లో చెప్పుకొనే తీరులో నడిమి మాట ఈ చాళ్లదే. బయటి లోకం కామాటిపురను వేశ్యావాటికగా మాత్రమే గుర్తు పెట్టుకొంది. అక్కడి స్త్రీల దుఃఖం నిజమైనది, దానిని దాచవలసిన పని లేదు, అయితే అంకెలతో పిలిచే ఆ గల్లీలలోనే తరతరాలుగా తెలుగు కుటుంబాలు కాపురాలు చేశాయి, పండుగలు జరుపుకొన్నాయి, పాటలు పాడుకొన్నాయి.

పట్టికలో మొదటి నడక గ్రాంట్ రోడ్డు దాటి కెన్నెడీ వంతెన వైపు సాగాలి. అర్దెషీర్ ఇరానీ నడిపిన ఇంపీరియల్ ఫిల్మ్ కంపెనీ అక్కడే, రైలు పట్టాల పక్కన, భారతదేశపు తొలి టాకీ ‘ఆలం ఆరా’ను తీసింది. పగలు రైళ్ల చప్పుడు మైకులోకి చొరబడుతుందని రాత్రి వేళ, రైళ్లు ఆగిన గంటలలో చిత్రీకరించారు. 1931 మార్చి 14న గిర్‌గావ్‌లోని మెజెస్టిక్ థియేటర్‌లో విడుదలైన ఆ చిత్రంలో ఏడు పాటలున్నాయి. అదే సంస్థ హెచ్. ఎం. రెడ్డి దర్శకత్వంలో, తమిళ తెలుగు మాటలూ పాటలూ కలగలిసిన ‘కాళిదాస్’ను అదే సంవత్సరం అక్టోబరులో మద్రాసుకు పంపింది. ఆ వెంటనే పూర్తి తెలుగులో తీసిన ‘భక్త ప్రహ్లాద’ 1932 ఫిబ్రవరి 6న బొంబాయిలోని కృష్ణా థియేటర్‌లో తొలిసారి ప్రదర్శితమైంది. పూర్తి తెలుగు సినిమాలోని పాట మొదట మోగినది బెజవాడలోనో రాజమండ్రిలోనో మద్రాసులోనో కాదు, కామాటిపుర కూలీ పని ముగించుకొని నడిచి వెళ్లగలిగినంత దూరంలో అన్న సంగతి ఆ వాడ పిల్లలకు పాఠంగా చెప్పదగినది.

ఆ పాట ఎలా పుట్టిందో తెలుసుకొంటే ఈ నడకకు మరింత విలువ వస్తుంది. ఒకరు నటిస్తుండగా మరొకరి గొంతును తరువాత చేర్చే నేపథ్యగానం అప్పటికి మన సినిమాకు రాలేదు. హిందీలో అది 1935 నాటి ‘ధూప్ ఛావ్’తో మొదలైంది. తొలి టాకీలలో నటులే కెమెరా ముందు పాడాలి, వాద్యకారులు కెమెరా కంటికి అందని చోట కూర్చుని అదే క్షణంలో వాయించాలి, మైకు ఎక్కడో దాగి ఉండాలి. ఇటువంటి పనికి మైకు లేకుండా వందలమందికి వినిపించేలా పాడడం అలవాటైన రంగస్థల కళాకారులే తగినవారు. అందుకే 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన సురభి నాటక సమాజపు కుటుంబాల నుంచి వచ్చిన కమలాబాయి లీలావతిగా, రంగస్థల నటుడు మునిపల్లె సుబ్బయ్య హిరణ్యకశిపుడుగా ‘భక్త ప్రహ్లాద’లో కనిపించారు. కథకు ఆధారం బళ్లారికి చెందిన ధర్మవరం రామకృష్ణమాచార్యుల నాటకం, పాటలు రాసినవారు ఖమ్మం ప్రాంతపు చందాల కేశవదాసు. ఇంపీరియల్ వారి ఈ మూడు చిత్రాలలోనూ చిన్న వేషాలు వేసిన ఎల్. వి. ప్రసాద్ తరువాత దక్షిణాది, హిందీ చిత్రసీమలు రెండింటిలోనూ పెద్ద దర్శక నిర్మాత అయ్యాడు. ‘ఆలం ఆరా’, ‘కాళిదాస్’ ప్రతులు నేడు మిగలలేదు, మెజెస్టిక్‌ను కూల్చి ఆ చోట దుకాణ సముదాయం కట్టారు. అభిమాని అక్కడికి వెళ్లి వినగలిగేది ఏమీ లేదు. ఒక పాట పోయిందంటే ఎంత పూర్తిగా పోతుందో అక్కడ నిలబడినప్పుడు అర్థమవుతుంది, పట్టికలోని మిగిలిన అంశాలకు తొందర అక్కడినుంచే వస్తుంది.

తిరిగి వచ్చే దారిలో ఫాక్లండ్ రోడ్డు, పీలా హౌస్ అని జనం పిలిచే పాత నాటకశాలల కూడలి ఉన్నాయి. ఒకప్పుడు పార్శీ నాటక కంపెనీలు హార్మోనియం, తబలా జోడించి పాటల నాటకాలు ఆడిన ప్రాంతమిది. ఆ కంపెనీల వరసలు, అంటే పాటల బాణీలు, ఊరూరా తిరిగి తెలుగు రంగస్థలం మీదికీ వచ్చాయి. మన పౌరాణిక నాటకంలో హార్మోనియం పక్కన నిలబడి పద్యాన్ని రాగం తీసి పాడే పద్ధతికి ఈ సంపర్కం కూడా దోహదం చేసింది. ఫాక్లండ్ రోడ్డుకు ఇప్పుడు పఠ్ఠే బాపూరావు పేరుంది. డోలకీ వాయిద్యంతో స్త్రీలు పాడి ఆడే మరాఠీ శృంగార గేయాన్ని లావణి అంటారు. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, కులకట్టుబాట్లు వదిలి తమాషా అనే మరాఠీ జానపద నాటక బృందంలో చేరి, లెక్కలేనన్ని లావణులు కట్టిన ఆ కవి పేరున్న వీధిలో నడిచే తెలుగువారు ఒక్క లావణి ప్రదర్శనైనా చూడాలి, ఎందుకంటే ఇరుగుపొరుగు పాట తెలియకుండా చాల్ జీవితం పూర్తికాదు. కొంచెం ముందుకు పోతే, 1911లో అయిదవ జార్జి చేతుల మీదుగా ప్రారంభమై, 1993లో మూతబడి, మరమ్మతుల తరువాత 2016లో తిరిగి తెరుచుకొన్న రాయల్ ఆపెరా హౌస్ ఉంది. దేశంలో మిగిలిన ఏకైక ఆపెరా మందిరం అదే, అక్కడ టికెట్టు కొని ఒక సాయంత్రం కూర్చోవడం అందుబాటులో ఉన్న కోరికే.

తూర్పు వైపు నడిస్తే భెండీ బజార్ వస్తుంది. హిందుస్థానీ సంగీతంలో ఒక గురుపరంపర ద్వారా వచ్చే గానశైలిని ఘరానా అంటారు. ఉత్తరాది నుంచి వచ్చి 19వ శతాబ్ది చివరలో ఇక్కడ స్థిరపడిన ఛజ్జూఖాన్, నజీర్‌ఖాన్, ఖాదిం హుసేన్‌ఖాన్ సోదరుల శైలికి ఈ బజారు పేరే వచ్చింది. కొన్ని స్వరాలను తీసుకొని, వాటిని ఎన్ని వరుసలలో అమర్చవచ్చునో అన్ని వరుసలలోనూ సాధన చేసే మేరుఖండ్ పద్ధతి ఈ ఘరానాకు ప్రాణం. ఛజ్జూఖాన్ కుమారుడు అమాన్ అలీఖాన్ కర్ణాటక సంగీతాన్ని శ్రద్ధగా విని, హంసధ్వని రాగానికి హిందుస్థానీలో ప్రచారం తెచ్చిన ముఖ్యులలో ఒకడయ్యాడు. ముత్తుస్వామి దీక్షితుల తండ్రి రామస్వామి దీక్షితులు రూపొందించిన ఈ రాగం ‘వాతాపి గణపతిం’ కీర్తన ద్వారా తెలుగువారి చెవికి చిన్ననాటి నుంచి పరిచయమే. మధ్యమ ధైవతాలు లేని అదే అయిదు స్వరాల రాగాన్ని రెండు సంప్రదాయాలలోనూ ఒకదాని వెంట ఒకటి విని, ఎక్కడ గమకం అంటే స్వరాన్ని ఊపి పలికే తీరు మారుతుందో పట్టుకోవడం పట్టికలో చేరవలసిన ఒక మంచి అభ్యాసం. దానికి ప్రయాణపు ఖర్చు లేదు, కావలసినది ఒక్క పూట తీరిక.

ఆ పక్కనే చోర్ బజార్ మటన్ స్ట్రీట్‌లో పాత గ్రామఫోన్లు, రికార్డులు అమ్ముతారు. లక్కతో చేసిన, నిమిషానికి 78 చుట్లు తిరిగే రికార్డు ఒక్కో వైపు సుమారు మూడు నిమిషాలే మోగుతుంది, జారితే పగులుతుంది. గంటసేపు సాగదీసి పాడే గాయకుడు మూడు నిమిషాలకు రాగాన్ని ఎలా కుదించాడో వినడం కూడా ఒక చదువే. పాత తెలుగు నాటక పద్యాల రికార్డు ఒక్కటి చేతికి చిక్కినా అభిమానికి పండుగ. కాలాఘోడాలో దశాబ్దాలపాటు ముంబయి శ్రోతలను పెంచిన రిథమ్ హౌస్ అనే సంగీత దుకాణం 2016లో మూతబడింది, కొనదలచినవారు ఇటువంటి వీధులను వాయిదా వేయకూడదని అది నేర్పింది.

శాస్త్రీయ సంగీతం కోసం కింగ్స్ సర్కిల్ దగ్గర షణ్ముఖానంద మందిరం ఉంది. 1952లో ఏర్పడిన సభ 1963లో దీనిని కట్టింది, 1990లో అగ్నిప్రమాదానికి గురైన మందిరం 1998లో మళ్లీ నిలబడింది, 2,700కు పైగా ఆసనాలున్నాయి. నిర్వాహకులూ శ్రోతలూ ఎక్కువగా తమిళులే అయినా, వేదిక మీద సగం సాయంత్రం వినిపించేది త్యాగరాజు తెలుగే. మిల్లు కార్మికుల పిల్లలలో చాలామంది ఈ మందిరం తమది కాదనుకొని గడప తొక్కలేదు. ఆ సంకోచం వారి తప్పు కాదు, కాని పోవలసినది. త్యాగరాజు పంచరత్న కీర్తనలను వందల గొంతులు ఒక్కటిగా పాడే తిరువైయారు ఆరాధన పుష్య బహుళ పంచమినాడు ఏటా జరుగుతుంది, కావేరి ఒడ్డున త్యాగరాజు సమాధి మందిరాన్ని కట్టించినది బెంగళూరు నాగరత్నమ్మ. అది నిలకడగా సాగుతున్న ఉత్సవం కనుక పట్టికలో కిందనే ఉండవచ్చు, మరో ఏడు వెళ్లినా అందుతుంది.

అందకుండా పోయేవి చాల్‌లోనే ఉన్నాయి. భాద్రపద అమావాస్య నుంచి తొమ్మిది రోజులు, తంగేడు, గునుగు పూలను గోపురంలా పేర్చి, చుట్టూ తిరుగుతూ చప్పట్ల లయకు స్త్రీలు పాడే బతుకమ్మ పాట కామాటిపురకూ వర్లీకీ వలసతో పాటే వచ్చింది. ఒకరు చరణం ఎత్తుకొంటే మిగిలినవారు ఉయ్యాలో అనో చందమామ అనో అందుకొంటారు. ఆ అందుకొనే చిన్న విరామంలో ముందున్న స్త్రీ తరువాతి చరణం గుర్తు చేసుకొంటుంది, అవసరమైతే అల్లుతుంది. పురాణకథ నుంచి అత్తింటి కష్టం దాకా ఏదైనా ఆ చట్రంలో ఇముడుతుంది. ఇప్పుడు స్పీకర్లలో సినిమా బాణీల బతుకమ్మ పాటలు మోగుతున్న కొద్దీ ఎత్తుకొని పాడగల స్త్రీలు తగ్గుతున్నారు. యంత్రం పాడుతుంటే చరణం అల్లవలసిన అవసరం ఎవరికీ రాదు. పెద్ద పాటలను మొదటి నుంచి చివరిదాకా పాడగల అవ్వలు ప్రతి చాల్‌లో కొద్దిమందే ఉంటారు, వారి వయసు ఎవరికోసమూ ఆగదు. 1982 జనవరి 18న మొదలైన మిల్లు సమ్మె తరువాత కుటుంబాలు భివండికీ స్వగ్రామాలకూ చెదిరినప్పుడే ఇటువంటి పాటలు ఎన్నో చెదిరాయి. బొంబాయి అభివృద్ధి శాఖ కట్టిన, శతాబ్దం నాటి బీడీడీ చాళ్లను కూల్చి వర్లీలో కట్టిన కొత్త ఇళ్లు 2025లో కొందరికి అందాయి, కామాటిపుర పునర్నిర్మాణానికీ ప్రణాళిక ఉంది. నూట అరవై చదరపు అడుగుల గది వదిలి మంచి ఇంట్లోకి వెళ్లడం ఆ కుటుంబాల హక్కు, దానికి ఎవరూ విచారించనక్కరలేదు. అయితే పదిమంది వరుసగా కూర్చుని పాడుకొనే వరండా బహుళ అంతస్తుల కట్టడంలో ఉండదు, కనుక ఆ పాటలు వినే పని ఇల్లు మారకముందే జరగాలి.

చాల్ నుంచి ఊరికి వెళ్లే ప్రయాణమూ పట్టికలో ఉండాలి. శివుని డమరుకాన్ని ఒగ్గు అంటారు, దానిని వాయిస్తూ మల్లన్న, బీరప్ప, ఎల్లమ్మల కథలు చెప్పేది ఒగ్గుకథ. సంక్రాంతి నుంచి ఉగాది దాకా సాగే సిద్దిపేట జిల్లా కొమురవెల్లి మల్లన్న జాతరలో, రంగుల పొడులతో పట్నం అనే ముగ్గు వేసే చోటే, ఆ కథను వినాలి. మిద్దె రాములు, చుక్క సత్తయ్య వంటి మహాకథకులు ఇప్పుడు లేరు, వారి తరం చేతుల్లో నేర్చుకొన్నవారు ఇంకా పాడుతున్నారు.

వినడంతో పాటు భద్రపరచడం కూడా అభిమాని చేతిలోనే ఉంది. బిరుదురాజు రామరాజు వంటి పరిశోధకులు ఊరూరా తిరిగి జానపద గేయాలు సేకరించిన రోజుల్లో లేని సదుపాయం ఇప్పుడు ప్రతివారి జేబులో ఉంది. మధ్యాహ్నం కుళాయి దగ్గర సందడి తగ్గిన వేళ, గాయని అనుమతి తీసుకొని, ఫోనును ఆమెకు మూరెడు దూరంలో కదలకుండా పెట్టి, మధ్యలో ఆపకుండా పాట మొత్తం పాడించుకోవాలి. పాడినవారి పేరు, పుట్టిన ఊరు, పాట ఎవరి దగ్గర నేర్చుకొన్నదీ, ఏ సందర్భంలో పాడేదీ ఆమె నోటనే చెప్పించి అదే రికార్డులో చేర్చాలి, ఎందుకంటే ఈ వివరాలు లేని పాటను తరువాత ఎవరూ దాని చోట నిలబెట్టలేరు. ప్రతిని రెండు చోట్ల దాచి, ఒకటి ఆ కుటుంబానికే ఇవ్వాలి.