మన 'అ' ఖరీదు మూడు బైట్లు!

కంప్యూటర్‌కి అక్షరాలు రావు. దానికి తెలిసిందల్లా సంఖ్యలే! ఒక్కో బైటులో 0 నుంచి 255 వరకూ ఏదో ఒక సంఖ్య పడుతుంది. ఇంగ్లిష్ పెద్ద 'ఎ'కి 65 అనే ఒక్క బైటు చాలు. మన 'అ'కి మాత్రం యూటీఎఫ్-8 పద్ధతిలో మూడు కావాలి... 224, 176, 133. 'క్ష' అయితే క, పొల్లు, ష కలిపి తొమ్మిది! 2010లో వచ్చిన రూపాయి గుర్తు(₹)కీ మూడే.

ఆ మూడు బైట్లను పాత విండోస్ పట్టికతో చదివితే 'అ' కాస్తా నెత్తిన గీతున్న ఇంగ్లిష్ చిన్న 'ఎ', డిగ్రీ సున్నా, మూడు చుక్కలుగా విడిపోతుంది. యూనికోడ్ వాడుకలోకి రాకముందు తెలుగు ఫాంట్లు చాలావరకు దేని పట్టిక దానిదే. అప్పటి ఫైలుని ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే అన్నీ పిచ్చిరాతలే. అందుకే, ఫాంటు దొరుకుతుండగానే పాత ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చుకోవడం మేలు!