గడపలోకి వచ్చేనాటికి గడువెంత?

సంతకు వెళ్ళిన ఇల్లాలు వంకాయను ఊరికే బుట్టలో వేసుకోదు. తొడిమ చూస్తుంది, తిప్పి చూస్తుంది, పుచ్చు కనిపిస్తే పక్కన పెడుతుంది. నెయ్యి అయితే చేతి వెనుక రాసి వాసన చూస్తుంది. సెల్‌ఫోనులో తెరచిన అంగడిలో ఈ పరీక్షలు సాగవు. అక్కడ వంకాయ బొమ్మకు పుచ్చు ఉండదు, నెయ్యి బొమ్మకు వాసన ఉండదు. ముక్కూ వేళ్ళూ చేసే పని అంతా పొట్లం మీద చిన్న అక్షరాలతో అచ్చయిన ఒక తేదీ నెత్తిన పడింది. ఆ తేదీ కూడా సరుకు ఇంటికి వచ్చిన తరువాతనే కంటబడుతున్నదంటే, ఇక చూసి కొన్నదేమిటి?

దూరాన్నుంచి సరుకు తెప్పించుకోవడం మనకు కొత్త కాదు. వారపత్రికలో ప్రకటన చూసి, కార్డు ముక్క వ్రాసి పడవేస్తే, వి.పి.లో తలనూనెలూ పుస్తకాలూ వచ్చిన రోజులు పెద్దలకు జ్ఞాపకమే. తపాలా పది రోజులు ఆలస్యమైతే పుస్తకానికి వచ్చిన నష్టం లేదు. ఇప్పుడలా కాదు. పెరుగు, రొట్టె, పసిపిల్లల పాలపొడి, పూతరేకులు, ఆవకాయ, అన్నీ ఆ దారినే వస్తున్నవి. ఆలస్యం వీటిని తినివేస్తుంది.

అసలు పొట్లం మీది తేదీలు రెండు రకాలని చాలామంది గమనించరు. ‘బెస్ట్ బిఫోర్’ అంటే ఆ రోజు వరకూ రుచి, కరకర, సువాసన తగ్గవని తయారుచేసినవాని మాట. ఆ మర్నాడే అది విషమైపోదు. ‘ఎక్స్‌పైరీ’ లేదా ‘యూజ్ బై’ అంటే వేరు. అది దాటితే అమ్మరాదు, తినరాదు. 2020 నాటి లేబుల్ నిబంధనలు మన దేశంలో ఈ రెండవ తేదీని తప్పనిసరి చేసి, మొదటిదానిని తయారీదారు ఇష్టానికి వదిలినవి. ఇంట్లో పాత డబ్బా కనిపించగానే పారవేసేవారూ, ‘ఏమీ కాదులే’ అని పిల్లలకు పెట్టేవారూ ముందు ఏ తేదీయో చదివితే సగం తగవు తీరుతుంది.

అయితే గడువు దాటకపోతే చాలునా? రేపటితో తీరిపోయే బిస్కట్లు ఇవాళ సాయంత్రం అయిదు పొట్లాలు తెచ్చి గుమ్మంలో పెడితే, చట్టప్రకారం అవి మంచివే. నలుగురున్న ఇంట్లో ఎవరు తింటారు? ఈ సంగతి గమనించే భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2024 నవంబరులో ఆన్‌లైన్ వర్తకులకు గట్టిగా చెప్పింది: సరుకు కొన్నవారి చేతికి అందేనాటికి దాని ఆయుష్షులో నూటికి 30 వంతులైనా, లేదా గడువుకు ముందు 45 రోజులైనా మిగిలి ఉండవలెనని. అయిదు రోజుల ఆయుష్షుగల రొట్టెకు 45 రోజుల మాట నవ్వులాటే గనుక, దానికి లెక్క ఒకటిన్నర రోజు.

కొనేవారికి ఇది ఊరట. అమ్మేవారికి మాత్రం వెనకనుంచి ముందుకు లెక్కపెట్టే కొత్త గణితం. రాజమండ్రిలో ఒక ఇల్లాలు కందిపొడి కొట్టి, పొట్లాలు కట్టి ఇటువంటి అంగడికి పంపుతున్నదనుకుందాం. పొడి ఆయుష్షు 120 రోజులు. అందులో 36 రోజులు కొన్నవారివి, మిగిలినవి 84. లారీలో హైదరాబాదు చేరి, గిడ్డంగిలో లెక్కకెక్కి, అంగట్లో బొమ్మగా కనిపించేసరికి 10 రోజులు. అమ్ముడయ్యాక ఇంటికి చేరడానికి 4. అమ్మకానికి నికరంగా నిలిచేవి 70 రోజులు. రోజుకు 5 పొట్లాల చొప్పున 350 పోతాయి. పండుగ ముందు ఉత్సాహం కొద్దీ 500 పంపిందా, 150 పొట్లాలు గిడ్డంగిలోనే ముసలివైపోతాయి. పొడి చెడలేదు. వేడి అన్నంలో నెయ్యి వేసి కలుపుకొంటే కమ్మగానే ఉంటుంది. అయినా అక్కడ అమ్మరాదు. తిరిగి తెప్పించుకొంటే దారి ఖర్చు ఆమెదే. అక్కడే పారవేయమన్నా చాలా అంగళ్ళలో దానికీ రుసుము ఉన్నది. పెద్ద కంపెనీకి ఇది లెక్కల పుస్తకంలో ఒక గీత. ఆమెకు మాత్రం ఆ రెండు నెలల లాభం అంతా ఆ 150 పొట్లాలలోనే ఉన్నది.

అందుచేత ఇటువంటి వర్తకంలో నిలదొక్కుకొనేవారు సరుకు కొద్దికొద్దిగా, తరచుగా పంపుతారు. కిరాయి కొంచెం పెరుగుతుంది, నిద్ర పడుతుంది. పూతరేకుల వంటివాటికి ఇంకా మంచి పద్ధతి, ముందు ఆర్డరు తీసుకొని తరువాత పొయ్యి వెలిగించడం. 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆత్రేయపురం పూతరేకులు కాగితం కంటె పలచన. తేమ తగిలితే మెత్తబడతాయి, పెట్టె కుదిపితే పొడి అవుతాయి. వాటిని గిడ్డంగిలో నెల రోజులు నిలవ పెట్టి అమ్ముదామనుకోవడం, నా దృష్టిలో, వాటికి చేసే అన్యాయం.

గిడ్డంగి సంగతి వచ్చింది గనుక ఒక మాట. ముందు వచ్చినది ముందు పోవలెనని పాత సూత్రం. గడువుగల సరుకు దగ్గర ఇది దెబ్బ తీస్తుంది. ఒకటో తేదీన వచ్చిన పెట్టెకు గడువు డిసెంబరు వరకు. పదిన వచ్చిన పెట్టె ఎక్కడో మరొక డిపోలో పడి ఉన్నది గనుక దాని గడువు అక్టోబరు. పాత సూత్రం పాటిస్తే అక్టోబరు పెట్టె మూలన పడి చస్తుంది. ముందు గడువు తీరేది ముందు పోవలె. దానికి పెట్టె పైన తేదీ పెద్దక్షరాలతో ఉండాలి. ఒకే పెట్టెలో రెండు తేదీల సరుకు కలపకూడదు. మన వంటింటి అటకమీద కూడా ఇదే న్యాయం సుమా!

చల్లని సరుకుది మరొక చిక్కు. పెరుగు కప్పు మీది తేదీ షరతు గల మాట: చెప్పిన చల్లదనంలో ఉంచితేనే అది నిజం. బెజవాడ మే నెల ఎండలో ఆ కప్పు స్కూటరు మీద గంటసేపు తిరిగివస్తే తేదీ బాగానే ఉంటుంది, పెరుగే పులుస్తుంది. తేదీ చదవడంతోపాటు కప్పు తాకి చూడడం మరువకండి.

గడువు దగ్గరపడిన సరుకును ధర తగ్గించి అమ్మడాన్ని కొందరు మోసమంటారు. నేననను. నలభైమంది భోంచేసే హాస్టలు అయిదు కిలోల పిండిని వారంలో తేల్చివేస్తుంది. వారికి అది లాభం, ఆహారమూ వృథా కాదు. తేదీ దాచి, ‘రెండు కొంటే ఒకటి ఉచితం’ అని ఊరించడమే తప్పు. అంతకంటె ఘోరం, గడువు తీరిన సరుకుకు కొత్త చీటీ అంటించడం. ఈ భయంతోనే 2024 డిసెంబరులో తయారీదారులూ దిగుమతిదారులూ గడువు తీరిన, వాపసు వచ్చిన సరుకు ఎంతో, దానినేమి చేశారో మూడు నెలలకొకసారి లెక్క చెప్పవలెనని ఆదేశించారు.

2020 నాటి ఇ-కామర్స్ నిబంధనల ప్రకారం గడువు తేదీ ఉండే సరుకుకు ఆ తేదీని అమ్మేవారు ముందే తెలపాలి. లోపమున్న సరుకునూ, చెప్పిన వ్యవధి దాటి వచ్చిన సరుకునూ వాపసు తీసుకోననరాదు. కనుక పొట్లం రాగానే, కత్తెర వేయక ముందే, గడువు తేదీ, బ్యాచి నంబరు, 14 అంకెల లైసెన్సు నంబరు కనబడేటట్లు ఒక ఫోటో తీసి ఉంచండి. అంగడివారు వినకపోతే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915.