పది లక్షల కార్డు ఉన్నా జేబుకెందుకు చిల్లు పడుతోంది?

మాది కరీంనగర్ పక్క పల్లె. ఒకసారి మా బాపుకు ఛాతీల నొప్పి వస్తే ప్రైవేట్ ఆస్పత్రికి తీసుకపోయినం. ఏ ఆస్పత్రో చెప్పను. కార్డు చూపిస్తే కౌంటర్‌లో ఒకటే మాట: "యాంజియోగ్రామ్‌కు ముందు డబ్బులు కట్టండి. స్టెంట్ పడితే ఆరోగ్యశ్రీలో చేస్తం, పడకపోతే ఆ ఖర్చు మీదే."

ఆ రాత్రి స్టెంట్ పడితే బాగుండు అనుకున్న. నిజంగనే అనుకున్న. తెల్లారి బ్లాకులు లేవన్నరు. అమ్మ దేవునికి దండం పెట్టుకుంది, నేను పోయి బిల్లు కట్టిన.

అప్పటి నుంచే ఈ పథకం ఎట్ల పనిచేస్తదో తెలుసుకోవడం మొదలుపెట్టిన. ఉమ్మడి రాష్ట్రంలో 2007 ఏప్రిల్ 1న మూడు జిల్లాల్లో ఆరోగ్యశ్రీ మొదలైంది. పేదోళ్లు ఆపరేషన్ కోసం భూములు అమ్ముకోవద్దన్నది ఉద్దేశం. ఎంతోమందికి ప్రాణం పోసింది, దాన్ని కాదనలేం. 2018లో కేంద్రం 5 లక్షలతో ఆయుష్మాన్ భారత్ తెచ్చింది, 2021లో తెలంగాణ అందులో చేరింది. 2023 డిసెంబర్ 9న ఇక్కడ పరిమితి 10 లక్షలైంది.

కానీ ఆ 10 లక్షలు మన అకౌంట్‌లో ఉన్న పైసలు కావు. 1,800కు పైగా చికిత్సల జాబితా ఉంది, ఒక్కోదానికి ఒక్కో రేటు. ఆస్పత్రి ఆన్‌లైన్‌లో పంపితే ట్రస్ట్ అనుమతిస్తది. అంటే పథకం ఎక్కువగా బెడ్ ఎక్కినంక మొదలైతది. రోగమేందో తేలేదాకా చేసే స్కానింగులు, బీపీ, షుగర్‌కు నెలనెలా కొనే గోలీలు దాదాపు మన జేబులోంచే పోతయి. పరిమితి డబుల్ చేస్తే ఇవి తగ్గవు కదా!

ఆదిలాబాద్ సంగతి ఇంకా కష్టం. రిమ్స్ ఉంది. కానీ పెద్ద కేసైతే హైదరాబాద్, దాదాపు 300 కిలోమీటర్లు. ఉట్నూరు నుంచి రోగితో వచ్చిన మనిషి పత్తి ఏరే రోజుల్లో కూలి పోగొట్టుకుంటడు. ఆ కూలికి ప్యాకేజీ లేదు. నాగ్‌పూర్ దగ్గరే గానీ ఆరోగ్యశ్రీ మన రాష్ట్రం పథకం. ఆయుష్మాన్ వేరే రాష్ట్రంలో కూడా పనిచేస్తది, కానీ దాని జాబితాకు 2011 సర్వే ఆధారం. అందుకే ఆరోగ్యశ్రీ ఉన్న ప్రతి ఇంటికీ అది ఉండదు.

ఇంకోటి, బకాయిలు. 2025 సెప్టెంబర్‌లో ప్రైవేట్ నెట్‌వర్క్ ఆస్పత్రులు బిల్లులు రాలేదని సేవలు ఆపినయి. ప్రభుత్వానికీ ఆస్పత్రులకూ లెక్క తెగకపోతే మధ్యలో నలిగేది పేషెంటే.

అందుకే ఆస్పత్రికి పోతే కౌంటర్‌లో పైసలు కట్టేముందు ఆరోగ్యమిత్ర ఎక్కడ కూర్చుంటరో అడగండి. ఈ చికిత్స జాబితాలో ఉందా, అనుమతికి పంపిన్రా, టెస్టుల పైసలు అందులో కలుస్తయా అని అడగండి. నేను ఆ రోజు అడగలేదు, అసలు ఆరోగ్యమిత్ర అనే మనిషి ఉంటరనే తెల్వదు నాకు.