పాత దెయ్యం సినిమాలు, పాత కార్టూన్లు: మీ కొత్త స్క్రీన్ వాటిని ఎలా పాడుచేస్తోందో తెలుసా?

కొత్త ఫోనో టీవీయో ఇంటికి రాగానే మనమంతా చేసే పని ఒకటే. యూట్యూబ్‌లో 4కె హెచ్‌డీఆర్ డెమో వీడియో పెట్టి చూస్తాం. రంగురంగుల చిలకలు, నీలం సముద్రం, తేనె కారే పాన్‌కేకులు. అబ్బా, డిస్‌ప్లే అదిరింది అనుకుంటాం. నిజానికి ఆ వీడియోలు తీసిందే బాగా కనిపించడానికి. అవి చూసి డిస్‌ప్లేకి మార్కులు వేయడం అంటే, ముందే లీకైన పేపర్‌తో పరీక్ష పెట్టినట్టే.

ఈసారి వేరే టెస్ట్ చేయండి. 1922లో వచ్చిన 'నోస్ఫెరాటు' పెట్టండి. లేదా 1929 నాటి డిస్నీ కార్టూన్ 'ది స్కెలిటన్ డాన్స్' పెట్టండి. రెండోది ఆరు నిమిషాలు కూడా ఉండదు. మీ స్క్రీన్ నిజంగా సినిమాని చూపిస్తోందా, లేక దాని మీద తన సొంత వంట వండుతోందా అనేది అక్కడ తెలిసిపోతుంది.

నాకు ఈ పాత దెయ్యం సినిమాలన్నా, నలుపు తెలుపు కార్టూన్లన్నా పిచ్చి. వారాంతంలో కోడ్ మూసేశాక చూసేవి ఇవే. "అవి బోర్ కొట్టవా, బొమ్మ గందరగోళంగా ఉంటుంది కదా" అని ఫ్రెండ్స్ అడుగుతుంటారు. చాలాసార్లు ఆ గందరగోళం సినిమాది కాదు, సెట్టింగ్స్‌ది. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన డిఫాల్ట్ సెట్టింగ్స్ మార్చకుండా చూస్తే, అసలు సినిమాని మీరు ఇంకా చూడనట్టే లెక్క.

మొదటి దొంగ: మోషన్ స్మూతింగ్

టాకీలు వచ్చాక సినిమా సెకనుకి 24 ఫ్రేములకి స్థిరపడింది. టీవీ మాత్రం 60 సార్లో 120 సార్లో రిఫ్రెష్ అవుతుంది. మధ్యలో ఖాళీ ఉంది కదా అని టీవీ తనే కొత్త ఫ్రేములు ఊహించి ఇరికిస్తుంది. దీన్నే మోషన్ స్మూతింగ్ అంటారు. ఎల్‌జీలో దీని పేరు ట్రూమోషన్, సోనీలో మోషన్‌ఫ్లో, శాంసంగ్‌లో ఆటో మోషన్ ప్లస్. కొన్ని ఫోన్లలో కూడా ఎంఈఎంసీ పేరుతో ఉంటుంది. క్రికెట్‌కి ఓకే. సినిమాకి పెడితే అంతా డైలీ సీరియల్ లాగా కనిపిస్తుంది. 2018లో టామ్ క్రూజ్ దీన్ని ఆఫ్ చేయమని జనాన్ని కోరుతూ ఏకంగా ఒక వీడియోనే పెట్టాడు.

పాత హారర్‌కి వచ్చే నష్టం ఇంకా ఎక్కువ. 'నోస్ఫెరాటు'లో దర్శకుడు మూర్నావ్ పిశాచం బండి వచ్చే సీన్‌ని కావాలనే కుదుపులతో, అసహజమైన వేగంతో తీశాడు. ఈ లోకానికి చెందనిదేదో వస్తోందని మనకి అనిపించాలి. మీ టీవీ ఆ కుదుపుల్ని "లోపం" అనుకుని నున్నగా చేసేస్తుంది. భయం పోయి, బండి మాత్రం మిగులుతుంది.

కార్టూన్ల సంగతి ఇంకో రకం. చాలా కార్టూన్లలో ఒక్కో బొమ్మని రెండు ఫ్రేముల పాటు ఉంచుతారు, అంటే సెకనుకి 12 బొమ్మలు. వేగంగా కదిలేటప్పుడు మాత్రం ఫ్రేముకి ఒక బొమ్మ గీస్తారు. ఎక్కడ ఎన్ని వాడాలన్నది యానిమేటర్ నిర్ణయం, పాటలో తాళం లాంటిది. చక్ జోన్స్ 1942లో చేసిన 'ది డోవర్ బాయ్స్'లో పాత్ర ఒకచోటి నుంచి ఇంకోచోటికి దూకేటప్పుడు మధ్యలో రబ్బరులా సాగిన ఒకే బొమ్మ కనిపించి మాయమవుతుంది. ఆ 'సాగుడు' బొమ్మే జోకు. దాని ముందూ వెనకా టీవీ తన బొమ్మలు దూరిస్తే నవ్వు రాదు, కళ్లు నొప్పి పుడతాయి.

పరిష్కారం తేలిక. టీవీ మెనూలో 'ఫిల్మ్‌మేకర్ మోడ్' ఉంటే అది ఎంచుకోండి. యూహెచ్‌డీ అలయన్స్ 2019లో దీన్ని ప్రకటించింది. స్మూతింగ్, అదనపు షార్ప్‌నెస్, నాయిస్ రిడక్షన్ అన్నీ ఒక్క దెబ్బకి ఆగిపోతాయి. లేకపోతే 'సినిమా' లేదా 'మూవీ' మోడ్ పెట్టి, మోషన్ ఆప్షన్‌ని విడిగా ఆఫ్ చేయండి.

కొనేవాళ్లకి ఒక చిన్న లెక్క. 60 హెర్ట్జ్‌లో 24 ఫ్రేములు సమంగా సర్దుకోవు. ఒక ఫ్రేము రెండు రిఫ్రెష్‌లు, తర్వాతిది మూడు రిఫ్రెష్‌లు ఉంటుంది. కెమెరా మెల్లగా పక్కకి తిరిగే షాట్లలో చిన్న అదురు కనిపించేది అందుకే. 120 హెర్ట్జ్‌లో ఒక్కో ఫ్రేముకి సరిగ్గా 5 రిఫ్రెష్‌లు. 120 హెర్ట్జ్ అంటే గేమింగ్ కోసమే అనుకుంటాం కానీ, వందేళ్ల నాటి సినిమాకి కూడా అది నిజంగా పనికొస్తుంది.

రెండో దొంగ: "స్క్రీన్ నిండా" జబ్బు

పాత సినిమాలు, కార్టూన్లు దాదాపు 4:3 ఆకారంలో ఉంటాయి. మన ఫోన్లేమో 20:9. అందుకే అటూ ఇటూ నల్లటి పట్టీలు వస్తాయి. అవి చూడగానే మన వేళ్లు ఆగవు, జూమ్ చేసేస్తాం. అలా చేస్తే బొమ్మలో పైనా కిందా కలిపి 40 శాతం కట్ అయిపోతుంది. 'స్ట్రెచ్' పెడితే ఇంకా ఘోరం. సన్నగా, పొడుగ్గా, వంకర గోళ్లతో భయపెట్టాల్సిన కౌంట్ ఆర్లాక్ పెళ్లి భోజనం చేసి వచ్చిన బాబాయిలా కనిపిస్తాడు.

6.7 అంగుళాల 20:9 ఫోన్‌లో 4:3 బొమ్మ పెడితే మీకు దక్కేది సుమారు 4.6 అంగుళాల స్క్రీన్ మాత్రమే. ఈ సినిమాల వరకు పాత టాబ్లెట్ కొత్త ఫ్లాగ్‌షిప్ కంటే నయం. ఓఎల్ఈడీ అయితే పట్టీల దగ్గర పిక్సెల్స్ పూర్తిగా ఆరిపోతాయి కాబట్టి, లైట్లు ఆపి చూస్తే పట్టీలు ఉన్న సంగతే మర్చిపోతారు.

మూడో దొంగ: రంగు

"నలుపు తెలుపు సినిమాకి రంగు సెట్టింగ్ ఎందుకు బాస్?" అనొచ్చు. మూకీ సినిమాలు చాలావరకు పూర్తి నలుపు తెలుపు కావు. ఫిల్మ్‌కి రంగు అద్దేవారు. రాత్రి సీన్లకి నీలం, దీపం వెలుగుకి పసుపు అన్నమాట. 'నోస్ఫెరాటు'లో రాత్రి సీన్లు పగలే తీసి, నీలం అద్ది రాత్రి అని చెప్పారు.

ఇక్కడే అసలు చిక్కుంది. సూర్యకాంతి తగిలితే పిశాచం చచ్చిపోవడం అనే ఐడియా వెండితెర మీదకి వచ్చింది ఈ సినిమాతోనే. క్లైమాక్స్ అంతా దాని మీదే నిలబడింది. కానీ నెట్‌లో తిరిగే చాలా కాపీల్లో ఆ నీలం లేదు, ఉత్త నలుపు తెలుపు. దాంతో ఆర్లాక్ పట్టపగలు శవపేటిక మోసుకుంటూ వీధిలో తిరుగుతాడు. ఎండకి చచ్చేవాడు ఎండలో ఎలా తిరుగుతున్నాడు? కథే అర్థం కాదు. జర్మనీలోని మూర్నావ్ ఫౌండేషన్ పునరుద్ధరించిన కాపీలో ఆ రంగులు మళ్లీ కనిపిస్తాయి, కథ గాడిలో పడుతుంది.

అలాంటి మంచి కాపీ దొరికాక మీరు ఫోన్‌లో 'ఐ కంఫర్ట్' ఆన్‌లో ఉంచితే? రాత్రి నీలం కాస్తా మురికి ఆకుపచ్చ అవుతుంది. సినిమా ఉన్నంతసేపూ అది ఆపేయండి. డిస్‌ప్లేని 'వివిడ్' నుంచి 'నేచురల్'కి మార్చండి. ఆటో బ్రైట్‌నెస్ కూడా ఆపండి, లేకపోతే గదిలో వెలుతురు తగ్గినప్పుడు బొమ్మ ఉన్నట్టుండి మసకబారుతుంది.

నాలుగో దొంగ: అతి శుభ్రం

ఫిల్మ్ మీద కదిలే సన్నని ఇసుక లాంటి చుక్కల్ని గ్రెయిన్ అంటారు. అది మురికి కాదు, బొమ్మ దానితోనే తయారైంది. నాయిస్ రిడక్షన్ ఎక్కువ పెడితే గ్రెయిన్‌తో పాటు చర్మం మీద ముడతలు, చీరల మీద నేత, గోడ మీద పగుళ్లు అన్నీ పోయి, మనుషులు మైనపు బొమ్మల్లా మిగులుతారు. కార్టూన్లలో అయితే వేగంగా కదిలే సన్నని గీతని సాఫ్ట్‌వేర్ దుమ్ము అనుకుని చెరిపేస్తుంది. చేతులు సగం మాయమైన పాత్రల్ని మీరు చూసే ఉంటారు.

ఏఐ అప్‌స్కేలింగ్ కూడా ఇంతే. 1896 నాటి లూమియేర్ సోదరుల రైలు సినిమాని 4కె, 60 ఫ్రేములకి మార్చిన వీడియో 2020లో బాగా వైరల్ అయింది. సరదాగా చూడటానికి బావుంటుంది. కానీ అందులో కొత్తగా కనిపించే వివరాలు కెమెరా చూసినవి కావు, మోడల్ ఊహించినవి. ఇంజినీర్ భాషలో చెప్పాలంటే, అది డేటా రికవరీ కాదు, డేటా జనరేషన్. రెండిటికీ తేడా తెలిసి చూస్తే గొడవ లేదు.

చెవుల సంగతి

'స్టీమ్‌బోట్ విల్లీ' (1928) పేరు వినే ఉంటారు. ప్రతి కదలికా సంగీతం మీద పడటమే దాని గొప్ప. 'ది స్కెలిటన్ డాన్స్' అయితే మరీను. కార్ల్ స్టాలింగ్ సంగీతానికి అబ్ ఐవర్క్స్ బొమ్మలు. శ్మశానంలో అస్థిపంజరాలు ఒకదాని ఎముకల మీద ఇంకోటి దరువు వేస్తుంటాయి. దెబ్బా, చప్పుడూ ఒకే క్షణంలో పడాలి.

ఒక ఫ్రేము అంటే సుమారు 42 మిల్లీసెకన్లు. బ్లూటూత్ ఆలస్యం 200 మిల్లీసెకన్లు ఉందనుకోండి, చప్పుడు దాదాపు 5 ఫ్రేములు వెనక పడుతుంది. ఫోన్‌లో చాలా యాప్‌లు దీన్ని సరిచేసుకుంటాయి. టీవీకి బ్లూటూత్ స్పీకర్ తగిలించినప్పుడే తేడా తెలుస్తుంది. టీవీలో ఆడియో డిలే ఆప్షన్ ఉంటే సర్దుకోండి, లేదా వైర్ వాడండి.

ఇంత గొడవ ఎందుకంటే

ఈ సినిమాలు మన దాకా రావడమే అదృష్టం. 'డ్రాక్యులా' నవల హక్కులు తీసుకోకుండా 'నోస్ఫెరాటు' తీసినందుకు రచయిత బ్రామ్ స్టోకర్ భార్య కేసు వేసి గెలిచింది. కాపీలన్నీ నాశనం చేయమని జర్మనీ కోర్టు 1925లో ఆదేశించింది. అప్పటికే వేరే దేశాలకి వెళ్లిన కొన్ని ప్రింట్లు బతికాయి కాబట్టి మనం ఇవాళ చూడగలుగుతున్నాం.

అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2013లో ఒక నివేదిక ఇచ్చింది. 1912 నుంచి 1929 దాకా అక్కడ తీసిన దాదాపు 11,000 మూకీ ఫీచర్ సినిమాల్లో అసలు ఫార్మాట్‌లో పూర్తిగా మిగిలినవి 14 శాతమే. మన దగ్గరా అదే కథ. రఘుపతి వెంకయ్య, ఆయన కొడుకు ప్రకాశ్ కలిసి మద్రాసులో తీసిన 'భీష్మ ప్రతిజ్ఞ' (1921) గురించి చదువుకోవడమే తప్ప చూసే భాగ్యం లేదు. బ్యాకప్ లేని సర్వర్ కాలిపోతే ఏమవుతుందో మనకి తెలుసు కదా. ఒక తరం సినిమాలకి జరిగింది అదే.

జార్జ్ రొమెరో తీసిన 'నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్' (1968)ది ఇంకో విచిత్రం. విడుదలకి ముందు టైటిల్ మార్చినప్పుడు కొత్త టైటిల్ కార్డు మీద కాపీరైట్ నోటీసు పెట్టడం మర్చిపోయారు. అప్పటి అమెరికా చట్టం ప్రకారం అంతే సంగతులు, సినిమా అందరిదీ అయిపోయింది. ఎవరు పడితే వాళ్లు కాపీలు తీసి అమ్మారు, అందుకే నెట్‌లో మసక కాపీలు కుప్పలు. 1986లో ఒక సంస్థ రంగులు కూడా వేసి, జాంబీలకి ఆకుపచ్చ పూసింది. చివరికి 2016లో న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్, ఫిల్మ్ ఫౌండేషన్ కలిసి అసలు నెగెటివ్ నుంచి 4కె కాపీ తయారుచేశాయి. మసక కాపీలో జాంబీలు నీడల్లా ఉంటారు. ఇందులో ఒక్కొక్కరి ముఖం కనిపిస్తుంది, వాళ్లంతా మామూలు మనుషులని తెలుస్తుంది. అసలు భయం అక్కడే ఉంది.

అలా పునరుద్ధరణ చేసేవాళ్లు ఒక్కో ఫ్రేము మీద నెలల తరబడి కూర్చుంటారు. ఆ పనంతా మన ఇంట్లో ఒక డిఫాల్ట్ బటన్ అర సెకనులో చెడగొట్టేస్తుంది.

ఎక్కడ మొదలుపెట్టాలి?

- మొదట 'ది స్కెలిటన్ డాన్స్'. సౌండ్ సింక్ టెస్ట్‌కి ఇంతకన్నా మంచిది లేదు. 2025 జనవరి 1 నుంచి అమెరికాలో పబ్లిక్ డొమైన్‌లో ఉంది.
- తర్వాత ఫ్లైషర్ స్టూడియో 1941లో మొదలుపెట్టిన 'సూపర్‌మ్యాన్' కార్టూన్లు, మొత్తం 17. నీడలు, చీకటి బాగా వాడారు, కాబట్టి ఓఎల్ఈడీ పనితనం తెలుస్తుంది.
- 'నోస్ఫెరాటు'కి రంగు అద్దిన కాపీనే వెతకండి. బొమ్మంతా ఉత్త బూడిద రంగులో ఉంటే వదిలేయండి.
- ఆఖరున 'నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్', 4కె పునరుద్ధరణ కాపీలో. రాత్రి, లైట్లు ఆపి చూడండి.

మూకీలకి, మాటల్లేని కార్టూన్లకి డబ్బింగ్ గొడవ లేదు. ఇంట్లో నానమ్మనీ, చిన్నపిల్లల్నీ పక్కన కూర్చోబెట్టుకోవచ్చు (జాంబీల సినిమాకి తప్ప!). ఖర్చు కూడా ఏమీ లేదు, చాలావరకు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా దొరుకుతాయి. పెట్టాల్సిందల్లా సెట్టింగ్స్ మెనూలో ఐదు నిమిషాలు.

ఇకపై టీవీ కొనడానికి షోరూమ్‌కి వెళ్లినప్పుడు చిలకల వీడియో చూసి మోసపోకండి. మోషన్ స్మూతింగ్‌ని పూర్తిగా ఆపే ఆప్షన్ ఉందా, ఫిల్మ్‌మేకర్ మోడ్ ఉందా అని అడగండి. ఆ రెండూ ఉన్న టీవీలో పాతవే కాదు, నిన్న రిలీజైన సినిమా కూడా తీసినవాళ్లు తీసినట్టే కనిపిస్తుంది.