ఎర్ర టమాటాలో పసుపు దాక్కుందా? ఏడు మొక్కలతో తేల్చేద్దాం

అమీర్‌పేటలో మేడ మీద కూరగాయలు పెంచే ఒక అక్క అడిగారు: "ఎర్ర టమాటా గింజలే వేశాను తమ్ముడూ, పన్నెండు కుండీల్లో మూడింట పసుపు కాయలొచ్చాయి. అవే గింజలు నలుగురికి ఇచ్చేశా, ఎలా మరి?" విత్తనం పంచుకునే మనందరికీ ఉన్న ఇబ్బందే ఇది. పైన వీడియో పంజాగుట్టలో ఇంకో మేడ మీద తీశాం. చేతిపని అందులో చూడండి, లెక్క ఇక్కడ చెప్తా.

టమాటాలో ఎరుపు బహిర్గతం, పసుపు అంతర్గతం. జంట జన్యువుల్లో ఒక్కటి ఎరుపుదైనా కాయ ఎర్రగానే ఉంటుంది. కాయను చూసి జన్యురూపం చెప్పలేం. పసుపు మొక్కలో మాత్రం రెండూ పసుపువే, దాపరికం లేదు. అందుకే అనుమానమున్న ఎర్ర మొక్క పుప్పొడిని పసుపు కాయల మొక్కకి ఇస్తాం. దీన్నే పరీక్ష సంకరణం అంటారు. 1866లో అచ్చయిన మెండెల్ బఠాణీ వ్యాసంలోనే ఈ పద్ధతి ఉంది.

సాయంత్రం, మర్నాడు విచ్చుకోబోయే మొగ్గలో కేసరాల గొట్టాన్ని పట్టకారుతో తీసేసి కవర్ కట్టండి. పొద్దున్నే ఎర్ర మొక్క పుప్పొడిని కీలాగ్రానికి తాకించి, మళ్లీ కవర్ వేసి, గుర్తుకి దారం కట్టండి.

ఆ కాయ గింజల్లో ఏడు మొక్కలు పెంచితే చాలు. ఎర్ర మొక్కలో పసుపు దాగుంటే దాదాపు సగం పసుపు కాస్తాయి. దాగుండి కూడా ఏడూ ఎర్రగా వచ్చే అవకాశం 128లో ఒక్కటే. సంకరణం లేకుండా ఎర్ర మొక్క సొంత గింజలతోనే అంత నమ్మకం రావాలంటే 17 మొక్కలు కావాలి. మేడ మీద అన్ని గ్రో బ్యాగులు ఎక్కడ పెడతాం? పొలం ఉన్నవాళ్లకైతే 17 మొక్కల దారే నయం, పట్టకారు గోల ఉండదు.

ఏడింటిలో ఒక్కటే పసుపు వస్తే తొందరపడి ఎర్ర మొక్కని పీకేయకండి. కేసరాలు సరిగ్గా తీయకపోయినా, పసుపు మొక్క తన పుప్పొడితోనే గింజ కట్టి అలా చూపిస్తుంది. మళ్లీ చేయండి.

రంగు కంటికి కనబడుతుంది కాబట్టి ఇది మన చేతిలో పని. అన్నీ ఇలా తేలవు. 2008లో వచ్చిన ఇంప్రూవ్డ్ సాంబా మసూరిలో ఎండాకు తెగులుని తట్టుకునే మూడు జన్యువులున్నాయి. వాటిలో రెండు అంతర్గతం, ఒక్కటే చేరితే బయటపడవు. అందుకే రాజేంద్రనగర్ వరి శాస్త్రవేత్తలు, సీసీఎంబీ వాళ్లు డీఎన్ఏ మార్కర్లతో వెతికారు.

టమాటా ఫలితానికి నాలుగైదు నెలలు పడుతుంది. అప్పటిదాకా ఆ ఎర్ర మొక్క గింజల్ని పేరు రాసి విడిగా పెట్టండి, ఎవరికీ ఇవ్వకండి. పరీక్షకి పెంచిన ఏడు మొక్కల కాయలు విత్తనానికి పనికిరావు, పప్పులో వేసేసుకోండి.