గాలివాన సొమ్ము ఎవరి పేరున వచ్చును?

సభాపర్వమున నారదుడు ధర్మరాజును అడిగిన ప్రశ్నలలో నొకటి నాకు మిక్కిలి ప్రీతికరము. ఇక్కట్టుపాలైన కర్షకునకు విత్తనములును, గ్రాసమును, స్వల్పవడ్డీకి ఋణమును ఇచ్చుచున్నావా యని ఆ ముని యడుగును. రాజసూయపు మాటకంటె ముందు విత్తనముల మాట!

ఆంగ్లప్రభుత్వమువారు ఇందలి ఋణభాగమును గట్టిగా పట్టుకొనిరి. 1883, 1884 సంవత్సరముల చట్టములచే తకావీ అప్పులిచ్చి, తీర్పనివారి యొద్ద శిస్తు బకాయివలె రాబట్టుచుండిరి. ఇప్పుడు 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టము క్రింద నేర్పడిన నిధినుండి వచ్చు సాయమును తిరిగి చెల్లింపనక్కరలేదు. మన రాష్ట్రపు నిధిలో నూటికి 75 వంతులు కేంద్రమును, 25 వంతులు రాష్ట్రమును వేయుచుండును.

విశాఖపట్టణమున డాల్ఫిన్స్ నోస్ కొండ కావల, కొండకును కడలికిని నడుమ నున్నది యారాడ. కొబ్బరిచెట్లు గల తీరము. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను గంటకు సుమారు 180 కిలోమీటర్ల గాలితో విశాఖతీరమును తాకినది. రెండు నాళ్లకు ప్రధానమంత్రి వచ్చి 1,000 కోట్ల రూపాయల తాత్కాలిక సాయమును ప్రకటించిరి. కోట్లమాట వినుటకు ఇంపుగానే యుండును. పెరటిలో లెక్క వేరు. వరి పోయినచో మరుసటి యేడు నాటుకొనవచ్చును. కొబ్బరిమొక్క కాపునకు వచ్చుటకు ఐదారేండ్లు పట్టును. 2022లో కేంద్రము నిర్ణయించిన వెలలలో, ఏండ్ల తరబడి నిలుచు తోటలకు హెక్టారునకు 22,500 రూపాయలు; అదియు రెండు హెక్టార్ల వరకే, నూటికి 33 వంతులైన నష్టము కలిగిననే. హెక్టారునకు 175 చెట్లనుకొన్నచో చెట్టునకు 128 రూపాయలు! మొక్కనాటినుండి మోసిన నీటికైనను ఆ వెల చాలునా? రాష్ట్రమువారు తమ సొమ్ము కలిపి హెచ్చించుటయు కలదు గాని, కలుపుదురో లేదో ముందుగా తెలియదు.

సోదరీమణులారా, ఆ కొలది సొమ్మైనను ఎవరి చేతికి వచ్చునో విచారింతము. పట్టాదారు పుస్తకమున పేరు, ఈ-పంట నమోదు, బ్యాంకు ఖాతా, ఈ మూడును కుదిరిన చోటికే అది చేరును. 2015–16 వ్యవసాయ గణనలో దేశమునందలి కమతములలో నూటికి సుమారు 14 మాత్రమే స్త్రీల పేర నున్నవి. కలుపు తీయుట, ఊడ్చుట, నూర్చుట మనవి. పుస్తకమున పేరు మగవారిది. భర్త గతించి యేండ్లు గడచినను పుస్తకమున ఆయన పేరే నిలిచియున్న యిండ్లెన్నియో కలవు. తుపాను వచ్చినపుడు సాయము చచ్చినవాని పేరున వ్రాయబడును, బ్రతికినది కచేరీల చుట్టు తిరుగును. కాగితములు మగవారి పని యని మనల నూరకుండుమనువారు ఆ తిరుగుడు వేళ తోడు వత్తురా?

కౌలుదారుల యిల్లాండ్ర బాధ యింకొకటి. 2019 నాటి పంట సాగుదారు హక్కుల చట్టము ప్రకారము పదునొకండు నెలలకు పత్రము లభించును, కాని భూస్వామి సంతకము కావలయును. సంతకము చేసినచో భూమి పోవునని ఆసాముల భయము. యాజమాన్యమునకు భంగము లేదని చట్టమున నున్నను ఆ భయము తీరలేదు. కావున పంట పోవుట ఒకరికి, సాయము వచ్చుట మరియొకరికి.

పాడి మన చేతిలోనిది గనుక దానిమాట చెప్పి విరమింతును. 2022 నాటి వెలలలో పాడిగేదెకుగాని ఆవునకుగాని 37,500 రూపాయలు, ఇంటికి మూడింటి వరకు, మేకకు 4,000. పశువు చెవిబిళ్ళ సంఖ్యను ఎరువుల చీటీలతోడను పట్టా నకలుతోడను ఒక సంచిలో ఉంచుకొనుడు. చచ్చిన పశువును పశువైద్యుడు చూచి ధ్రువపత్రము వ్రాయకముందు పూడ్చరాదు. గాలివాన మరునాడు ఇంటిలో మగవారు తొందరపడి చేయు పని అదియే. నష్టపరిహారపు జాబితా ఊరిలో అంటించిన దినముననే మీరే పోయి చదువుకొనుడు. ఆక్షేపణ చెప్పుటకు ఇచ్చు గడువు మిక్కిలి స్వల్పము.